రెండు రిజిస్టర్లు

నా పేరు మొదలు కాయితం మీద నిలకడగా రాసింది బడి పంతులు కాదు, గుంపు మేస్త్రి.

1970. నాకు తొమ్మిదేండ్లు. దసరా పోయిన వారం దినాలకు అవ్వ, నాయిన, అక్క, నేను లారీ ఎక్కినం. దేవరకొండ దాటి, డిండి దాటి, మన్ననూరు అడవిలకెల్లి ఈగలపెంటల దిగినం. శ్రీశైలం ప్రాజెక్టు పని. మేస్త్రి మస్టరు బుక్కు తీసి నాయిన పేరు, దాని కింద అవ్వ పేరు, అక్క పేరు, ఆఖరుకు నా పేరు రాసిండు. నా పేరు పక్కకు "అర" అని పెట్టిండు. అరకూలి. తట్టలు అందించుడు, నీళ్ళు మోసుడు, చిన్న పోరలను ఆడిపిచ్చుడు నా పని. ఆ మస్టర్ల నా పేరు ఎనిమిది నెలలు ఒక్కనాడు తప్పలే.

మా ఊరి బడి హాజరుపట్టీల మాత్రం ఆ నెలల్లనే నా పేరు మీద ఎర్ర సిరా గీత పడ్డది. ఆ సంగతి మిరుగు వానలకు ఊరికొచ్చినంక తెలిసింది. సారు వరసగా పేర్లు పిలుస్తున్నడు. "ప్రెజెంట్ సార్" అందామని నోరు తెరిచి కూసున్న. నా పేరు రాలే. పక్క పోరడు మోకాలు గిచ్చి "నీ పేరు కొట్టేసిన్రురా" అన్నడు. మళ్ళ మూడో తరగతి. అట్ల మూడో తరగతి మూడేండ్లు చదివిన. నాలుగోదానికి పోలే.

అప్పటి నుంచి ఈ రెండు పుస్తకాలు నా ఎంట పడ్డయి.

వలసొచ్చినోళ్ళను, ఇల్లూవాకిలీ విడిచి వచ్చిన కాందిశీకులను చదువు ద్వారా సమాజంలో కలుపుకోవాలె, బతికినన్నాళ్ళు నేర్చుకునే వీలు వాళ్ళకు కల్పించాలె అనే మాట ఇప్పుడు సభల్లో, సదస్సుల్లో, సర్కారు కాయితాల్లో వినబడుతున్నది. మంచి మాటే. కాదనటానికి నాకు మనసొప్పదు. నేను ఆ చదువు అన్నం తిన్నోన్ని. కాని "కలుపుకొనుడు" అనే మాట విన్నప్పుడల్లా నాకు చేన్ల కలుపు యాదికొస్తది.

అవ్వ కలుపుకు పోయేది. జొన్నచేన్ల, ఆముదం చేన్ల మునుం పట్టి వంగితే పొద్దు వాలేదాక నడుము లేపేది కాదు. నేను ఎంట పోయి గునుగు పీకుతుంటి. ఒక దినం అడిగిన, ఇంత మంచి పువ్వున్నది, ఇదెందుకు పీకుడు అని. "చేనోనికిది పంట గాదు కొడుకా" అన్నది. అదే గునుగును బతుకమ్మ నాడు ఊరి ఆడోళ్ళు చేన్లెంట తిరిగి ఏరుకొచ్చి, కొసలకు రంగులద్ది వరసలు వరసలుగా పేరుస్తరు. (మా వాడ బతుకమ్మ మా వాడలనే ఆడాలె. అది వేరే కథ.) చెట్టు మారలే. గట్టు మీద నిలబడి ఇది కలుపు, ఇది పంట అని చెప్పేటోడు ఒకడున్నడు, అంతే. మమ్మల్ని కలుపుకుంటమని ఇప్పుడు చెప్పేటోడు గూడ ఆ గట్టు దిగినట్టు నాకైతే కనబడలే.

దేవరకొండ ఎరగనోళ్ళ కోసం రెండు మాటలు. రేచర్ల పద్మనాయకులు కట్టిన కోట ఉన్న ఊరు. చుట్టూ రాళ్ళు, చెల్కలు. కృష్ణ మాకు దగ్గరనే పారుతది గాని అది లోయల, మేము మిట్టల. 1955 డిసెంబర్ 10న నందికొండ కాడ నెహ్రూ నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేసిండు. మా నాయిన పడుచుతనమంత ఆ కట్టకు రాళ్ళు మోసుట్లనే పోయింది. 1967ల కాల్వలకు నీళ్ళిడిసిన్రు. ఎడమ కాల్వ మిర్యాలగూడ దిక్కు, కుడి కాల్వ గుంటూరు దిక్కు పోయినయి. మర్రిగూడ దిక్కు జనం ఫ్లోరిన్ నీళ్ళు తాగి నడుములు వంగి, కాళ్ళు వంకర్లు పోయి బతికిన్రు. అటెంక 2004ల అక్కంపల్లి రిజర్వాయరు నుంచి కృష్ణ నీళ్ళు పైపులల్లకెల్లి హైదరాబాదు చేరినయి. ఆ నీళ్ళను నీ టీసీ ఏది, మీదే కులం, ఎన్నాళ్ళుంటవు అని పట్నం అడగలే.

మమ్మల్ని మాత్రం ఎక్కడికి పోయినా "పాలమూరు లేబర్" అన్నరు. మాది నల్లగొండ జిల్లా అని చెప్పినా ఇనేటోడు లేడు. డ్యాములకు, కాల్వలకు, రోడ్లకు మట్టెత్తినోడు ఎవడైనా పాలమూరోడే.

వలస అంటే కన్నీళ్ళని మనోళ్ళు చాన రాసిన్రు. నిజమే. కాని ఆ రాతల్ల వెనక ఒక ఊరు ఉంటది. చెరువు, చింతచెట్టు, బొడ్రాయి, అందరు పలకరించే వీధి. మా అవ్వకు ఆ ఊరు లేదు. ఊరి హోటల్ల మా గ్లాసులు బయట చూరు కింద ఉండేవి. మేమే కడుక్కోవాలె, పైనుంచి పోసిన చాయ తాగాలె, మళ్ళ కడిగి అక్కడనే పెట్టాలె. ఈగలపెంట క్యాంపుల ఒక మలబారోని చాయ దుకాణం ఉండె. అక్కడ అవ్వకు అందరికిచ్చే గ్లాసులనే చాయ ఇచ్చిన్రు. ముసలిదైనంక గూడ ఆ గ్లాసు గురించి చెప్పేది, దాని మీద గీతలు ఎట్లున్నయో గూడ చెప్పేది. 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభల అంబేడ్కర్ ఊరి మీద అంత కోపంగా ఎందుకు మాట్లాడిండో నేను పుస్తకం చదవకముందే ఆ గ్లాసుతోని తెలుసుకున్న. అందుకే వలసకు మందు వాపసు పంపుడే అనేటోళ్ళతోని నాకు పొసగదు. పోవద్దనుకుంటే ఉండే వీలుండాలె, పోతే పోయిన కాడ మనిషిగ నిలబడే వీలుండాలె.

అట్లని క్యాంపుల కులం లేదని కాదు. గుడిసెల వరసలు చూస్తే చాలు. లంబాడోళ్ళ వరస వేరు, బీసీల వరస వేరు, మా వరస మురికికాల్వ పక్కకు. చాయ గ్లాసు ఒక్కటైంది గాని కాల్వ ఒక్కటి కాలే.

1978ల సెంట్రింగ్ పనికి హైదరాబాదు వచ్చిన. కోఠి దిక్కు పని, మలక్‌పేట దిక్కు ఒక రేకుల షెడ్డుల రాత్రిబడి. సంఘం పోరలు నడిపేవాళ్ళు. నేను మళ్ళ మూడో తరగతి నుంచే మొదలు పెట్టిన. ఈసారి పాత పేపర్ల మీద, సిమెంటు బస్తాల మీద అక్షరాలతోని. లెక్కలు చెప్పే పిల్లగాడు ఒక రాత్రి "పుస్తకం ఎందుకన్నా, నీ మస్టరే రాసుకరా" అన్నడు. మేస్త్రి నిద్రపోయినప్పుడు ఆర్నెల్ల మస్టరు చూసి రాసుకొచ్చిన. కూడితే 142 దినాలు. మేస్త్రి నాకు లెక్క కట్టింది 121 దినాలకు.

మేస్త్రి మాకు మేనమామ వరస. తెల్లారి అడిగిన. ఆయన నా మొఖం దిక్కు చాన సేపు చూసిండు. 11 దినాల పైసలు చేతిల పెట్టి, "చదువుకున్నవు గదా బిడ్డా, ఇగ నీకు మట్టిపని ఎందుకు" అన్నడు. ఆ నాటి నుంచి ఆయన గుంపుల నాకు పని లేదు. మా నాయినకు గూడ ఆ ఏడు అడ్వాన్సు ఇయ్యలే.

చదువు మనిషిని మనుషుల్ల కలుపుతదంటరు. నన్ను మాత్రం అది మొట్టమొదలు ఉన్న గుంపు నుంచి విడదీసింది. తప్పా అంటే కాదు. 21 దినాలు నావి. కాని ఈ విడిపోవుడును ఏ వయోజన విద్య పుస్తకం లెక్కలోకి తీసుకోదు. చదువు ఒక దీపం అని బొమ్మ ఏస్తరు. ఆ వెలుగుల మన మేనమామ దొంగగ కనబడితే ఏం చేయాల్నో ఆ పాఠంల ఉండదు. నేను ఇప్పటికి గూడ అనుకుంట, ఆ లెక్క నేనొక్కన్నే అడగకుండ గుంపంత కూసోని కూడుకొని అడిగితే ఎట్లుండునో. మేస్త్రి గూడ ఎవని కాడనో బాకీ పడ్డోడే.

ఆ రాత్రిబడికి పోయే తోవల రోజూ చాదర్‌ఘాట్ దాటేది. అక్కడ పక్కనే ఇసామియా బజార్ల 1910లనే భాగ్యరెడ్డి వర్మ మన పిల్లల కోసం బడి పెట్టిండని నాకు అప్పుడెవ్వరూ చెప్పలే. పట్నం ఎప్పుడు కలుపుకుంటదా అని ఆయన చూస్తూ కూసోలే. నాకు ఆ సంగతి తెలిసేవరకు నలభై దగ్గరికొచ్చింది.

1982ల సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చింది. దేశంల మొదటిది. 1991ల దానికి అంబేడ్కర్ పేరు పెట్టిన్రు. పది కాయితం, ఇంటర్ కాయితం లేకున్నా అర్హత పరీక్ష రాసి డిగ్రీల చేరే వీలు అప్పుడు ఉండె. ఇది చిన్న సంగతి కాదు. ఎర్ర గీత పడ్డోళ్ళందరికి తెరిచిన తలుపు అది. ఆదివారం క్లాసుల్ల నాకు ఇటు పక్క ఆటో డ్రైవరు, అటు పక్క హోంగార్డు, ముంగట నలుగురు పిల్లల తల్లి. ఆమె సంకల బిడ్డ ఏడిస్తే పాఠం ఆగేది, ఎవ్వరూ ఇసుక్కోకపోయేది. బతికినన్నాళ్ళు చదువు అనే మాటకు అర్థం నేను ఆ గదిలనే చూసిన.

కాని డిగ్రీ చేతికొచ్చినంక ఒక ఆఫీసుల అప్లికేషన్ ఇస్తే అక్కడి క్లర్కు కాయితాలు తిరగేసి "ఇంటర్ లేని డిగ్రీ ఏందయ్యా, పునాది లేని గోడ నిలబడతదా" అన్నడు. పునాదుల గురించి నాకు చెప్పిండు! తలుపు తెరిచిన ఇల్లు ఒకటే, లోపలికి పోయినంక ప్రతి గదికి తాళం. ఆ గడప దాటనీకి నాకు ఇంకో నాలుగేండ్లు పట్టింది.

ఇంకో పరీక్ష గూడ ఉండె. ఏ నోటిఫికేషన్ల లేని పరీక్ష. అది తెలుగు. జవాబు కాయితంల నేను "పోయిన" అని రాస్తే "వెళ్ళాను" అని దిద్దిన్రు, "గిట్ల" అంటే నవ్విన్రు. తెలుగోన్ని తెలుగులనే కాందిశీకున్ని చేసిన్రు. నేను నేర్చుకున్న. తొందరగనే నేర్చుకున్న. ఎంత బాగ నేర్చుకున్ననంటే నా నోట్లకెల్లి మా వాడ పోయింది. అది పోతే ఏం లాభమో నాకు బాగ తెలుసు. పట్నంల ఇల్లు కిరాయికి దొరుకుతది.

ఈ సంగతి రాయాల్నా వద్దా అని చాన రోజులు ఆలోచించిన. 1996ల మేము కిరాయికున్న ఇంటి ఓనరమ్మ మొదటి నాడే "మీరు ఏమోళ్ళు?" అని అడిగింది. నేను వేరే కులం పేరు చెప్పిన. ఏ కులమో ఇక్కడ రాయను, వాళ్ళనెందుకు గుంజుడు. బిడ్డకు గూడ అదే చెప్పుమన్న. అవ్వ చూడనీకొచ్చినప్పుడు డాబా మీద ఓనరమ్మ ఒడియాలు ఎండేస్తున్నది. నేను అవ్వతోని మెల్లగ అన్న, "అవ్వా, నువ్వు పైకి పోయినా ఎక్కువ మాట్లాడకు." అవ్వ అప్పుడేం అనలే. రాత్రి అన్నం తినేటప్పుడు చేతులు ముంగట పెట్టి, "నేను మాట్లాడకపోతే వీటిని చూసి తెలుసుకోరా బిడ్డా?" అన్నది. తెల్లారి దేవరకొండ బస్సు ఎక్కింది. అవ్వ మళ్ళ ఆ ఇంటికి రాలే. ఇల్లు మార్చినంక గూడ రాలే.

పట్నంల నేను బాగ కలిసిపోయిన్నని అప్పుడు మా దోస్తులు మెచ్చుకునేవాళ్ళు.

1990లల్ల అక్షరాస్యతా ఉద్యమం జిల్లాలకొచ్చినప్పుడు నేను వాలంటీరుగ మా వాడకు పోయిన. పలకలొచ్చినయి, వాచకాలొచ్చినయి, లాంతర్లొచ్చినయి. సెంటరు మొదలైంది పంటలు అయిపోయినంక. తీరిక కాలమని పైన కూసున్నోళ్ళు అనుకున్నరు. మాకు అది లారీలెక్కే కాలం. పదిండ్లల్ల ఆరిండ్లకు తాళాలు. మిగిలిన ముసలోళ్ళకు నేను "అల, వల" చెప్పిన. ఒక పెద్దమ్మ పలక కింద పెట్టి, "గీ అచ్చరాలు నేర్సుకుంటే మేస్త్రి బాకీ తీరుతదా సారూ" అన్నది. సారూ! నన్ను పుట్టినప్పటి సంది ఎరిగిన మనిషి. మా మధ్య పడ్డ దూరం ఆ ఒక్క పిలుపుతోని తెలిసింది.

ఆ రోజుల్లనే నెల్లూరు జిల్లా దూబగుంటల ఆడోళ్ళు అదే ఉద్యమం వాచకం చదివి సారా దుకాణం మూయించిన్రు. 1992ల అది రాష్ట్రమంత పాకింది. తేడా ఎక్కడున్నదని అప్పుడు ఆలోచించిన. అక్కడ వాళ్ళ బతుకు పాఠంలకొచ్చింది. మా పాఠంల మస్టరు లేదు, బాకీ లేదు, లారీ లేదు. తర్వాత నేను పలక మీద మస్టరు గీతలు గీసి చెప్పిన. పెద్దమ్మ మూడు వారాలకు తన కొడుకు పని దినాలు కూడింది.

మా అక్క పెండ్లి చేసుకొని బొంబాయి పోయింది. బావ అక్కడ బిల్డింగు పనుల్ల ఉండె. బొంబాయి మనోళ్ళకు కొత్త కాదు. కామాటిపురా అనే పేరే అక్కడ కట్టడపు పనికి పోయిన తెలంగాణ కామాటీల నుంచి వచ్చింది. ఇయ్యాల ఆ పేరు చెప్తే జనానికి ఇంకోటి యాదికొస్తది, ఆ నగరానికి రాళ్ళెత్తినోళ్ళు యాదికి రారు. అక్క కొడుకు మున్సిపాలిటీ తెలుగు బడిల చదివిండు. పరాయి రాష్ట్రంల తల్లి భాషల బడి! అది మెచ్చుకోవలసిందే. పై చదువుకు పోయేటప్పుడు కుల సర్టిఫికెట్ అడిగిన్రు. మీ కులం మీ రాష్ట్రంల ఎస్సీ, ఇక్కడ మీకు వర్తించదు అన్నరు. అది ఒక గుమస్తా సొంత మాట గూడ కాదు. 1990ల సుప్రీంకోర్టు అట్లనే తీర్పు చెప్పింది. తండ్రి ఉద్యోగం మీద బొంబాయి పోయిన ఒక తెలుగు విద్యార్థికి మెడికల్ సీటు విషయంల వచ్చిన తీర్పు అది. ఒక కులం పడే వెనుకబాటు ఒక రాష్ట్రానికి సంబంధించి గుర్తించింది, మనిషి ఎంట రాష్ట్రం దాటి రాదు అని దాని సారాంశం.

తీర్పు వెనక న్యాయం లేదని అనను. స్థానిక దళితుల వాటా స్థానిక దళితులకుండాలె. మరి మా అక్కను నల్లా కాడ "తుమ్ లోగ్" అని పక్కకు జరిపినోళ్ళు ఏ రాష్ట్రం లిస్టు చూసి జరిపిన్రు? కులం టికెట్ లేకుండ రైలెక్కి వస్తది. కులం తెచ్చిన నష్టానికి ఇచ్చే కాయితం మాత్రం సరిహద్దు కాడ దిగిపోతది.

ఇప్పుడు చక్రం తిరిగింది. నల్లగొండ జిల్లాల వరినాట్లకు బీహార్ నుంచి, బెంగాల్ నుంచి గుంపులొస్తున్నయి. ఇటుక బట్టీలకు ఒడిశా బలంగీర్, నువాపడా దిక్కు నుంచి ఇంటిల్లిపాది వస్తరు. దసరా దాటినంక వచ్చి ఎండకాలం ఎల్లేదాక ఉంటరు. ముందే అడ్వాన్సు, ఇంటిల్లిపాది పని, వెయ్యి ఇటుకలకు ఇంతని లెక్క. వాళ్ళు సర్దారు అంటరు, మేము మేస్త్రి అన్నం.

మొదట నేను గూడ వాళ్ళను మనుషుల్లెక్క చూడలే. మా వాడల మీటింగు పెట్టి "బయటోళ్ళొచ్చి మన కూలి పడగొడుతున్నరు" అన్నప్పుడు తలూపినోళ్ళల్ల నేనున్న. కూలి పడిపోవుడు నిజం. కాని కూలి పడగొట్టేది ఒడియా కూలోడా, పడగొట్టనీకి వాన్ని తెచ్చినోడా అని ఆ మీటింగుల నేను అడగలే. 1978ల సెంట్రింగ్ పని అడ్డా మీద పట్నపోళ్ళు మా గురించి ఇదే మాట అన్నరు.

2020 మార్చిల లాక్‌డౌన్ పెట్టినప్పుడు మా తోవల బట్టీలోళ్ళు కదలలేక ఆగిపోయిన్రు. బియ్యం పంచనీకి పోయిన. ఒక గుడిసె ముంగట పెద్దమనిషి ఒకడు డప్పు కాగవెడుతున్నడు. మా దానికంటె చిన్నది, లోతున్నది. నేను నిలబడ్డ. ఇద్దరికి వచ్చిన ముక్కల హిందీల అడిగిన. వాళ్ళు గండా కులపోళ్ళు. పెండ్లిళ్ళకు, చావులకు వాళ్ళే వాయించాలె. మా నాయిన గూడ వాయించేది అని చెప్పిన. నలభై ఏండ్ల పట్నం చదువుల నేను పరాయి మనిషికి నాయిన డప్పు గురించి చెప్పుడు అదే మొదటిసారి.

రెండేండ్లకు ఆ కుటుంబం మళ్ళ వచ్చింది. మనుమనికి తొమ్మిదేండ్లు. ఇటుకలు తిరగేసి ఎండబెట్టుడు వాని పని. మునిషి పుస్తకంల వాని పేరు గూడ లేదు. అర అని రాసేటోడు గూడ లేడు. వాన్ని తీసుకొని సర్కారు బడికి పోయిన. సర్వశిక్షా అభియాన్ రోజుల్ల బట్టీల కాడనే ఒడియా పుస్తకాలతోని బడులు నడిపిన తావులున్నయి, ఇక్కడ అట్లాంటిది లేదు. హెడ్మాస్టరు మంచోడే. "ఎండకాలం పోతరు గదన్నా, పేరు రాసుడు, కొట్టేసుడు ఎందుకు" అన్నడు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం టీసీ లేకున్నా చేర్చుకోవాలె, వయసుకు తగ్గ తరగతిల కూసోబెట్టి వెనుకబడ్డది నేర్పాలె అని చెప్పిన. ఆయనకు తెల్వక కాదు. పేరు రాసిండు. నాలుగో తరగతి.

కులం గడి కాడ పెన్ను ఆగింది. తాత "గండా" అన్నడు. లిస్టుల వెతికిండు. లేదు. ఏం రాయాలె అన్నట్టు నా దిక్కు చూసిండు. ఓసీ అని రాస్తే నవ్వొస్తది, ఎస్సీ అని రాయనీకి లేదు. చాన సేపటికి ఆ గడి ఖాళీగ వదిలేసిండు.

గోడల మీద మనం రాసుకునే అంబేడ్కర్ మూడు మాటల్ల మొదటిదాన్ని కొందరు "చదువు" అని, కొందరు "బోధించు" అని రాస్తరు. నాకు రెండోదే సరైందనిపిస్తది. ఎందుకంటే ఆ ఖాళీ గడి పిల్లగాని చదువుతోని నిండదు. నేర్చుకోవలసింది లిస్టు రాసినోళ్ళు, పెన్ను పట్టినోళ్ళు, కూలి గురించి మీటింగుల తలూపిన నా లాంటోళ్ళు.

పిల్లగాడు వేసవి సెలవులదాక వచ్చిండు. తెలుగు అక్షరాలు చప్పున పట్టుకున్నడు, "గిట్ల" అనుడు గూడ వచ్చింది. వాళ్ళమ్మ మాత్రం ఒక రోజు నన్ను ఆపి అడిగింది, వీడు అక్కడికి పోయినంక ఈ అక్షరాలు ఎవరు చదువుతరు అని. నా కాడ జవాబు లేకుండె. నోటుబుక్కు వాని చేతికిచ్చి, నీ పేరు మీ అక్షరాలల్ల రాయమన్న. వాడు మోకాళ్ళ మీద వంగి, పెన్సిలు గట్టిగ పట్టి రాసిచ్చిండు. ఒడియా అక్షరాలు మన వాటి లెక్కనే గుండ్రంగ ఉన్నయి. లారీ జూన్ల పోయింది. బడిల వాని పేరు మీద హెడ్మాస్టరు గీత కొట్టలే, పక్కకు పెన్సిలుతోని "వలస" అని రాసిండు. నా నోటుబుక్కుల పేరును ఇంకా కూడుకొని కూడుకొని చదువుతున్న. మొదటి రెండక్షరాలు వచ్చినయి.